ఓడ తోక వైపు గది

టికెట్లమ్మే అమ్మాయి ఓడ బొమ్మ గీసిన కాగితాన్ని బల్ల నిండా పరిచింది. అంచులు చుట్టుకుపోకుండా ఒక పక్క స్టేప్లరూ, ఇంకో పక్క తన కాఫీ కప్పూ పెట్టింది. కాగితం నిండా చీమల బారుల్లాంటి సన్నటి గళ్ళు, గడికో నంబరు.

"ఇది ఓడ ముక్కు ఆంటీ, ఇది తోక. మధ్యలో గదులైతే కుదుపు తెలీదు, లిఫ్టూ పక్కనే. మీ వయసు వాళ్ళందరికీ నేను మధ్యలోవే ఇస్తుంటాను," అంది.

గార్డమ్మ కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని వంగింది. చూపుడువేలు ఓడ ముక్కు దగ్గర ఆనించి, బియ్యంలో రాళ్ళేరినంత నిదానంగా ఒక్కో గడీ దాటించుకుంటూ మధ్యకొచ్చింది. అక్కడ ఆగుతుందనుకుని అమ్మాయి పెన్ను తీసింది. వేలు ఆగలేదు. లిఫ్టులు దాటింది, భోజనాల హాలు దాటింది, ఇంకాసేపుంటే కాగితమే అయిపోతుందనగా చిట్టచివర ఆగింది.

"ఇవేమిటి?"

"అవి వెనక్కి తిరిగి ఉండే గదులాంటీ. బాల్కనీలో కూర్చుంటే ఓడ పోయే వైపు కనపడదు. దాటొచ్చిన నీళ్ళే కనపడతాయి."

"అదే కావాలి."

పక్క కుర్చీలో ఉన్న కూతురు తల పట్టుకుంది. నాన్న రిటైరయ్యాడని, ఇద్దరూ ఏనాడూ ఎక్కడికీ వెళ్ళలేదని ఈ ఓడ ప్రయాణం కానుకగా ఇస్తోంది ఆ పిల్ల. "అమ్మా, అందరూ వచ్చేది చూడాలని పోతారు. నువ్వేమిటే, పోయింది చూస్తానంటావు? పైగా చివర్లో ఊపు ఎక్కువట. నీకు ఉయ్యాల ఊగితేనే కళ్ళు తిరుగుతాయి."

"తిరిగితే పడుకుంటాను. నీకెందుకు?"

"నాన్నా, నువ్వైనా చెప్పు."

మూడో కుర్చీలో గోడ మీది కేలండరు చూస్తూ కూర్చున్న పెద్దమనిషి తలతిప్పి భార్యని చూశాడు. "మీ అమ్మ ఇష్టం," అని మళ్ళీ కేలండరు వైపు తిరిగాడు. ఆ రోజుకి ఆయన ఖాతాలో మాటలు అయిపోయినట్టే.

ఆ వైపు గదులు అంతస్తుకి నాలుగే ఉంటాయనీ, అవి ముందే ఎగరేసుకుపోతారనీ, ఎవరో మానుకోబట్టి ఒక్కటి మిగిలిందనీ అమ్మాయి చెప్పింది. గార్డమ్మ వేలు ఆ గడి మీంచి తియ్యలేదు, చీటీ చేతికొచ్చేదాకా.

ఎందుకు కావాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది, నా మొగుడి చేత నాలుగు మాటలు మాట్లాడించడానికి ఓడెక్కుతున్నానని?

ఆవిడ అసలు పేరు కాగితాల్లో తప్ప ఎవరి నోటా లేదు. రైల్వే క్వార్టర్సులో కాపురం పెట్టిన నాటినుంచీ గార్డుగారి భార్య గనక గార్డమ్మ. ఆయన ముప్ఫయ్యారేళ్ళు గూడ్సు బండికి గార్డు. అంటే బండికి చిట్టచివర, వరండా ఉన్న ఒంటరి పెట్టెలో వెనక్కి చూస్తూ పచ్చజెండా, ఎర్రజెండా పట్టుకుని పోయే మనిషి. మనిషి బంగారం. కోపం ఎరగడు, వంక పెట్టడు, తన బట్టలు తనే మడత పెట్టుకుంటాడు. ఒక్కటే లోటు, బెల్లం కొట్టిన రాయి. అన్నం పెట్టనా అంటే "ఊ". ఇంకొంచెం అంటే "చాలు". కాపురానికొచ్చిన కొత్తలో పక్కింటావిడ ఈయనకి చెవుడేమోనని జాలిపడి డాక్టరు చిరునామా రాసిచ్చింది.

గార్డమ్మ ఏమో వాగుడుకాయ. నిద్రలేస్తే మొదలు, ఇక ఆగదు. జవాబు రాని ఇంట్లో ఉండి ఉండి, రెండు పక్షాలా తనే మాట్లాడటం అలవాటు చేసుకుంది. "ఏమండీ, కూరలో ఉప్పెక్కువైందా? లేదులెండి, సరిపోయింది. రేపు మార్కెట్టుకెళ్దామా? వద్దులెండి, మీకు డ్యూటీ ఉంది." ఇలా. ఆయన తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని, జెండాల పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేవాడు. కొందరు మగాళ్ళు ఇంతే, దేవుడు నోరిచ్చి మాటలివ్వడం మరిచిపోయాడు అని సర్దిచెప్పుకుంది. ముప్ఫయ్యారేళ్ళు అలాగే గడిచాయి. అలాగే గడిచిపోయేవి కూడా, ఆ రిటైర్మెంటు సభే లేకపోతే.

సభలో దండ వేశారు, టీ ఇచ్చారు, బిస్కెట్లు పంచారు. లావుపాటి డ్రైవరొకడు లేచి మైకు అందుకున్నాడు. "ముందు ఇంజన్లో నేను, చివరి పెట్టెలో ఈయన. మా మధ్య యాభై ఎనిమిది వ్యాగన్లు. ఇరవయ్యేళ్ళు ఈయన వాకీటాకీలో చెప్పే కబుర్లు వింటూ బండి నడిపానండీ. నోరు మూస్తే ఒట్టు. ఆయన ఒక్కో కథ చెబుతుంటే స్టేషన్లకి స్టేషన్లు దాటిపోయేవి. నవ్వి నవ్వి నా పొట్ట ఇదిగో ఇలా తయారైంది. రేపట్నుంచి ఇంజన్లో నాకు కునుకొస్తే లేపేదెవరు?"

అందరూ చప్పట్లు కొట్టారు. గార్డమ్మ చేతిలో సగం కొరికిన బిస్కెట్టు టీలో పడిపోయింది. వాడు మాట్లాడేది ఇంకెవరి గురించోనని వెనక వరసలోకి తిరిగి చూసింది కూడా.

ఇంటికొచ్చే దారిలో అడిగింది. "మీరు కబుర్లు చెబుతారటగా?"

"ఎవరన్నారు?"

"మీ డ్రైవరు. మైకులో."

"వాడలాగే అంటాడు."

అంతే. మొదట ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. కట్టుకున్న పెళ్ళానికి 'ఊ'లు, 'ఆ'లు విసిరి, కబుర్లన్నీ తీసుకెళ్ళి ఆ లావుపాటి వాడి చెవిలో పోశాడన్నమాట. మూడు రోజులు కంచాలు కాస్త గట్టిగానే పెట్టింది. నాలుగో రోజు కోపం చల్లారి ఆలోచన మొదలైంది. ఈయన దగ్గర మాటలున్నాయి. దాచుకున్న చోటే వేరు. ఇంట్లో రాని మాట ఆ పెట్టెలో ఎలా వచ్చిందబ్బా? అక్కడున్నదీ, ఇక్కడ లేనిదీ ఏమిటి? పెట్టె కదులుతుంది, ఇల్లు కదలదు. పెట్టెలో వెనక్కి చూస్తాడు, ఇంట్లో గోడ చూస్తాడు. కదులుతూ, వెనకవైపు తెరిచి ఉండేదేదైనా దొరికితే ఈయన నోరు విప్పుతాడు. ఆ మాట తేల్చుకున్న వారానికే కూతురు ఓడ సంగతెత్తింది. ఇక చెప్పాలా?

ఓడెక్కిన రోజు గది చేరడానికే పావుగంట పట్టింది. తివాచీ పరిచిన సందు, అటూ ఇటూ ఒకేలాంటి తలుపులు, ఎంత నడిచినా తరగదు. గార్డమ్మ మోకాళ్ళు మొరపెట్టుకుంటున్నాయి. గార్డుగారు మాత్రం పెట్టె లాక్కుంటూ హుషారుగా పోతున్నాడు. సందు అయిపోయి గోడ వచ్చింది. దాని పక్కనే తలుపు.

"చివరిదేనా?" అన్నాడు.

అడక్కుండా ఆయన నోట ఒక మాట రాలింది. పని జరిగేట్టే ఉంది అనుకుంది గార్డమ్మ.

చిన్న గది. ఒక మంచం, ఒక బీరువా, బీరువా పైన రెండు నారింజరంగు ప్రాణరక్షక జాకెట్లు, పక్కకి జరిపే అద్దాల తలుపు. తలుపు తెరిచి ఉంచితే ఏసీ ఆగిపోతుందని దాని మీద ఒక చీటీ అతికించి ఉంది. బయట బాల్కనీలో రెండు కుర్చీలు, ఒక బుల్లి బల్ల. కింద నీళ్ళు పాలు పొంగినట్టు పొంగుతున్నాయి.

ఓడ కదిలింది. తాళ్ళు విప్పిన మనుషులు రేవులో నిలబడి చూస్తుంటే గార్డుగారు కమ్మీ పట్టుకుని నిటారుగా నిలబడి, చెయ్యి పక్కకి చాపి ఆడించాడు. కిందనుంచి ఒకడు ఆడించాడు. రేవు చిన్నదైంది, గోదాములు అగ్గిపెట్టెలయ్యాయి, ఓడ వెనకాల నీళ్ళలో తెల్లటి బాట పడింది. ఆయన మొహం విచ్చుకుంది. గార్డమ్మ కుర్చీని ఆయనకెదురుగా లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఇక చెప్పండి."

"ఏం చెప్పను?"

"ఏదైనా. ఏం కనపడుతోంది?"

"ఏముంది. నీళ్ళు."

ఆ పూటకి అంతే. పోనీ, కొత్త చోటు, అలవాటు పడాలి అనుకుంది. రెండో రోజు పొద్దున్నించీ పరీక్ష పెట్టినట్టు ప్రశ్నలు వేసింది. ఆ పక్షి పేరేమిటి? ఆ నల్లగా కనపడేది ఓడా, దీవా? మీరు గార్డుగా చేరిన మొదటి రోజు ఏమైంది? ఒక్కో ప్రశ్నా వేసి, పెదవులు ఎప్పుడు కదులుతాయా అని కళ్ళార్పకుండా చూసేది. ఆయన ఇబ్బందిగా మొహం తుడుచుకునేవాడు.

"అలా చూడకే. మొహానికేదో అంటుకున్నట్టుంది నాకు."

దానికితోడు కూతురన్నట్టే వెనక గదికి ఊపెక్కువ. మంచం ఎక్కితే ఉయ్యాల, దిగితే తిరనాళ్ళ రంగులరాట్నం. భోజనాల హాలుకి వెళ్ళొచ్చేసరికి తిన్నదంతా నడకకే సరిపోతోంది. మధ్యాహ్నం ఓడ ఒక రేవులో ఆగినప్పుడు కూతురు ఫోను చేసింది.

"గదెలా ఉందమ్మా?"

"గది బంగారమే. ఉన్న మనిషే రాయి."

"ఓడెక్కితే నాన్న మారిపోతాడనుకున్నావా ఏమిటి కొంపదీసి?"

"నేనెందుకనుకుంటాను," అంది గార్డమ్మ. ఫోను పెట్టేశాక కుర్చీ ఆయనకెదురుగా లాగబుద్ధి కాలేదు. అంత పట్టుబట్టి, పిల్లని విసిగించి, ఆ టికెట్ల అమ్మాయి చెప్పిన మంచిమాట పెడచెవిన పెట్టి తెచ్చుకున్న గది. ఇందులోనూ పలకకపోతే ఇక ఈ జన్మకి పలకడు. ఇంటికెళ్ళాక మళ్ళీ రెండు పక్షాలా తనే మాట్లాడుకోవాలి. అది తలుచుకుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంది.

మూడో రోజు పొద్దున ఆయన కాఫీ తీసుకుని బాల్కనీలో కూర్చున్నాడు. గార్డమ్మ వెళ్ళలేదు. మంచం మీద పెట్టె తెరుచుకుని, బాల్కనీకి వీపు పెట్టి, విప్పిన బట్టలు మడతపెట్టుకుంటోంది. అద్దాల తలుపు ముయ్యడం మరిచిపోయింది. చేతిలో పనుంటే నోరు మూసుకునే మనిషి కాదుగా, తనలో తనే గొణిగింది. "ఎక్కడిదాకా వచ్చామో ఏమో. దిక్కూ లేదు, దరీ లేదు."

వెనకనుంచి గొంతు వినపడింది.

"ఏడూ ఇరవైకి కొండ దాటాం. ఎడమ పక్కన. మీద దీపస్తంభం ఉంది. సున్నం వేసి చాలా ఏళ్ళయినట్టుంది, మొహం పెచ్చులూడిపోయింది పాపం."

గార్డమ్మ చేతిలో తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

"ఇప్పుడు ఒక చేపల పడవ వెనకబడుతోంది. ఇద్దరున్నారు. ఒకడు వల లాగుతున్నాడు. రెండోవాడు లాగుతున్నట్టు నటిస్తున్నాడు. తాడు పట్టుకున్నాడు గానీ తాడు వదులుగానే ఉంది. మాకొక గార్డుండేవాడు అచ్చం ఇలాగే. డ్యూటీ మారేటప్పుడు జెండాలుండే ఇనప్పెట్టెకి రెండో వైపు పట్టుకునేవాడు సాయం పడుతున్నట్టు. పట్టుకున్నాక బరువు ఇంకా పెరిగేది. ఒకరోజు నేనేం చేశానంటే..."

ఇక ఆగలేకపోయింది ఆవిడ. తువ్వాలు పారేసి ఒక్క ఉరుకున బాల్కనీలోకి వచ్చి, ఎదురుగా కూలబడి, మొహంలో మొహం పెట్టింది. "ఆఁ, ఏం చేశారు?"

కొళాయి కట్టేసినట్టయింది. ఆయన కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. "ఏముంది. వాడంతే."

గార్డమ్మ ఆయన్ని చూసింది, తెరిచిన తలుపుని చూసింది, తను ఇందాక నిలబడ్డ మంచం పక్క చోటుని చూసింది. అప్పుడు వెలిగింది. డ్రైవరు ఈయన మొహం చూస్తూ కబుర్లు విన్నాడా? యాభై ఎనిమిది వ్యాగన్ల అవతల, ఇటు వీపు పెట్టి, పట్టాల మీద కళ్ళుంచి విన్నాడు. ఈయన మాట విసిరేది వెనక్కి చూస్తూ. అందుకునేవాడు ఎక్కడో ముందు, కంటికి కనపడకుండా ఉండాలి. తను పెట్టె సంపాదించింది గానీ ఇంజను సంగతే మరిచిపోయింది. ముప్ఫయ్యారేళ్ళు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, గుడ్లప్పగించి నోట్లోకి చూస్తే ఆ మనిషి మాటెలా వస్తుంది?

లేచి లోపలికి వెళ్ళింది. అద్దం ముందున్న కుర్చీని లాగి, బాల్కనీ గుమ్మానికి అడుగు దూరంలో, బీరువాకి ఎదురుగా వేసింది. ఆయనకి వీపు పెట్టి కూర్చుంది. సముద్రం మీదకొచ్చిన మనిషి కళ్ళెదుట ఇప్పుడు బీరువా తలుపు, దాని మీద రెండు నారింజరంగు జాకెట్లు. క్వార్టర్సు పక్కన రైళ్ళు కదిలేటప్పుడు వేలసార్లు విన్న మాటొకటి నోటికొచ్చింది.

"రైట్," అంది బీరువాతో.

బయట కుర్చీ కిర్రుమంది.

"ఆ గార్డు సంగతి మధ్యలో ఆపేశారు," అంది.

"ఆఁ. ఆ రోజు నేనేం చేశానంటే, పెట్టెలో జెండాలూ దీపాలూ అన్నీ తీసేసి ఖాళీ పెట్టె అందించాను. వాడికి తెలీదుగా. అబ్బో, నడుం పట్టుకుని మూలుగుతూ మోశాడు ఖాళీ పెట్టెని. పైగా స్టేషను మాస్టరుతో చెప్పుకున్నాడు, రోజురోజుకీ బరువెక్కిపోతోందని..."

గార్డమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు బయటికొస్తే ఎక్కడ ఆగిపోతాడోనని.

తలుపు తెరిచుంది గనక ఏసీ ఆగింది. పది నిమిషాల్లో చెమట ధార కట్టింది. గది తుడిచే మనిషి తువ్వాళ్ళు పట్టుకొచ్చి, బీరువాకేసి చూస్తూ చెమటలు కక్కుతున్న పెద్దావిడని చూసి కంగారుపడి తలుపు ముయ్యబోయాడు. ఆవిడ పెదవుల మీద వేలుపెట్టి అలా కళ్ళురిమింది. వాడు తువ్వాళ్ళు మంచం మీద పెట్టి మునివేళ్ళ మీద వెళ్ళిపోయాడు.

"నువ్విటు రావా? గాలి బాగుంది," అన్నాడు ఆయన మధ్యలో.

"నాకిక్కడే చల్లగా ఉంది," అంది గార్డమ్మ, మెడ తుడుచుకుంటూ.

అది మొదలు. పొద్దున కాఫీ అయ్యాక ఒక విడత, మధ్యాహ్నం పడుకుని లేచాక ఒక విడత. ఆయన దాటిపోయే ఓడల్ని చెబుతాడు, వాటిలోంచి వేరే బండికి దారిచ్చి లూపు లైన్లో గంటలకొద్దీ నిలబడిన బండ్లలోకి వెళ్ళిపోతాడు, గేటు కాపలావాడి మేకలోకి వెళ్ళిపోతాడు. ఆవిడ "రైట్" అంటుంది, "ఆఁ" అంటుంది, అంతకుమించి మాట్లాడదు. ఇన్నేళ్ళలో గార్డమ్మ అంత తక్కువ మాట్లాడిన రోజులు లేవు. నాలిక దురదపెట్టింది గానీ ఓర్చుకుంది. సాయంత్రాలు పైన డెక్కు మీదకి పోయి తనివితీరా సముద్రం చూసేది. అక్కడ ఆయన మళ్ళీ 'ఊ'లే. ఆవిడకేం బాధ లేదు.

అయిదో రోజు మధ్యాహ్నం ఆయన ఒక కథ ఎత్తుకున్నాడు. "క్వార్టర్సులో ఒకావిడ పెళ్ళికెళ్ళింది కొత్త చెప్పులేసుకుని. తిరిగొచ్చేటప్పుడు హడావుడిలో దొరికినవి తొడుక్కుంది. ఇంటికొచ్చి చూస్తే రెండూ ఎడమకాలివే. మర్నాడు కొళాయి దగ్గర ఇంకొకావిడ కుంటుతూ కనపడింది. ఏమైందమ్మా అంటే కాలు బెణికిందంటుంది గానీ, రెండూ కుడికాలి చెప్పులని చెప్పదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నోరు విప్పరు. వారం రోజులు..."

"ఆగండి," అంది గార్డమ్మ బీరువాతో. "ఆ ఎడమకాలి చెప్పులావిడ నేనేగా. నేను చెప్పిందేగా ఇది మీకు."

"నువ్వే."

"అన్నం పెడుతూ చెప్పాను. మీరు తలెత్తితే ఒట్టు. విననే లేదనుకున్నాను."

"వినకేం. దీన్ని డ్రైవరుకి నాలుగు స్టేషన్ల దూరం చెప్పాను. నవ్వుతూ గేటు దగ్గర కూత వెయ్యడం మరిచిపోయాడు వాడు. తర్వాతేమైంది, ఆ చెప్పులు మార్చుకున్నారా అని బండెక్కినప్పుడల్లా అడిగేవాడు. నాకేం తెలుసు, నువ్వు మళ్ళీ ఎత్తేదాకా ఆగమనేవాణ్ణి. నేనెక్కడికెళ్ళానే ఊళ్ళోకి? ఎవరితో కూర్చున్నాను? పగలూ రాత్రీ పట్టాలేగా. వాడికి చెప్పిన వాటిలో సగం పైన నీవే. ఇంట్లో ఎక్కించుకునేవాణ్ణి, దారిలో దింపేవాణ్ణి."

గార్డమ్మ జాకెట్ల కేసి చూస్తూ ఉండిపోయింది. ఎన్నేళ్ళు, ఎన్ని పూటలు, గోడతో చెప్పుకున్నట్టు చెప్పుకుంది. అవన్నీ వరస తప్పకుండా ఎక్కడెక్కడి ఊళ్ళూ తిరిగొచ్చాయట. ఎవరో లావుపాటి మనిషి వాటి కోసం ఎదురుచూశాడట.

"మరి ఇంట్లో ఒక్కసారైనా నవ్వలేదే?"

"నవ్వితే నువ్వు ఆపేస్తావేమోనని."

ఇటు తిరిగి ఆ మొహం ఒక్కసారి చూడాలనిపించింది ఆవిడకి. కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచింది కూడా. మళ్ళీ కూర్చుంది. చెంగుతో మొహం తుడుచుకుంది. ఏసీ లేని గది, చెమటకేం తక్కువ. కింద నీళ్ళు ఒకే తీరుగా మోగుతున్నాయి. ఆవిడ ఎంతకీ పలకకపోయేసరికి బయటనుంచి ఆయన గొంతు కాస్త పెంచి పిలిచాడు.

"ఏమే, ఉన్నావా?"

"ఉన్నాను," అంది గార్డమ్మ. "చెప్పండి."